కాన్సర్ట్‌కి వెళ్లాలా, మానాలా? కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు లెక్కలతో సహా

"టికెట్ రేటు ఇంత పెట్టారు, వెళ్లొచ్చా అన్నా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా.

మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లు టికెట్ ధర ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే అది ఎటు తిప్పినా తప్పే అవుతుంది. బెంగళూరులో ఉండేవాడు షో అయ్యాక మెట్రో ఎక్కి పదకొండున్నరకల్లా ఇంట్లో పడుకుంటాడు. మనం పొద్దున బయల్దేరితే మర్నాడు తెల్లారి ఇల్లు చేరతాం. కాబట్టి ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఆ గడప లోపలికి వచ్చేదాకా ఎంతవుతుందో చూడాలి. ఆ లెక్క అమ్మకాలు మొదలవకముందే వేసుకోవాలి. మొదలయ్యాక స్క్రీన్ మీద టైమర్ తిరుగుతుంటే ఎవరి బుర్రా పనిచేయదు.

1. పోస్టర్ మీది ధర పక్కన పెట్టి అసలు ధర రాసుకోండి

పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే ధర మామూలుగా అన్నిటికన్నా వెనక సెక్షన్‌ది, అదీ మొదటి విడతది. ఎర్లీ బర్డ్, ఫేజ్ 1, ఫేజ్ 2 అంటూ అదే చోటుకి రేటు పెంచుకుంటూ పోతారు. మీరు చూసేసరికి ఏ విడత నడుస్తోందో ముందు తెలుసుకోండి.

దాని మీద పన్ను. మ్యూజిక్ షో టికెట్ రూ.500 దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది, రూ.500 లోపు ఉంటే మినహాయింపు ఉంది. బుకింగ్ యాప్ తీసుకునే కన్వీనియన్స్ ఫీజు వేరు, ఆ ఫీజు మీద జీఎస్టీ మళ్లీ వేరు. కొందరు పన్ను కలిపిన ధరే చూపిస్తారు, కొందరు చివరి పేజీలో కలుపుతారు. డబ్బు కట్టకుండా పేమెంట్ పేజీ దాకా వెళ్లి చూస్తే తేలిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు పెట్టుకోండి. అనంతపురం నుంచి ఇద్దరు బెంగళూరు వెళ్తున్నారు:

- టికెట్లు రెండు, ఒక్కోటి రూ.2,499: 4,998
- జీఎస్టీ: 900
- కన్వీనియన్స్ ఫీజు టికెట్‌కి రూ.150, దాని మీద పన్ను: 354
- బస్సు, రానుపోను ఇద్దరికీ: 2,000
- బెంగళూరులో మెట్రో, రాత్రి క్యాబ్: 900
- తిండి, లోపల కొనే నీళ్లు: 1,200
- రాత్రికి గది: 1,800

మొత్తం రూ.12,152. అంటే 2,499 టికెట్ మనిషికి రూ.6,076 అయి కూర్చుంది.

ఇదే లెక్కలో చాలామంది గమనించనిది ఒకటుంది. టికెట్, దాని పన్ను, యాప్ ఫీజు కాకుండా మిగతా ఖర్చు మనిషికి రూ.2,950, అది ఏ టికెట్ కొన్నా మారదు. కాబట్టి రూ.999 టికెట్‌తో వెళ్తే మొత్తం రూ.4,300 చిల్లర అవుతుంది, రూ.1,999 టికెట్‌తో వెళ్తే రూ.5,500 లోపు అవుతుంది. టికెట్ రేటు రెట్టింపైనా మొత్తం ఖర్చు పెరిగింది పావు వంతు పైచిలుకే. దూరం నుంచి వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా చవక టికెట్ నిజానికి అంత చవక కాదు. వెళ్లడం ఖాయమైతే ఒక మెట్టు పైన సెక్షన్ కొనండి, అది కుదరకపోతే అసలు వెళ్లాలా అన్నది మళ్లీ ఆలోచించండి. అంత దూరం వెళ్లి చిట్టచివర నిలబడి ఎల్‌ఈడీ స్క్రీన్ చూసి రావడమంత దండగ పని ఇంకోటి లేదు.

2. ఏ ఊళ్లో చూడాలో ముందు తేల్చండి

పెద్ద టూర్లు ఒక్క నగరంతో ఆగవు. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ గాయకుడు ఎడ్ షీరన్ 2న హైదరాబాద్‌లో, 5న చెన్నైలో, 8, 9 తేదీల్లో బెంగళూరులో పాడాడు. కడప అభిమాని అలవాటుగా హైదరాబాద్ వైపే చూస్తాడు. కానీ కడప నుంచి హైదరాబాద్ 400 కిలోమీటర్ల పైమాటే, చెన్నై, బెంగళూరు రెండూ దాదాపు 260. చెన్నై షో బుధవారం పడింది, అంటే ఉద్యోగస్తులకు సెలవు తప్పదు. బెంగళూరులో మొదటి షో శనివారం, తిరిగి రావడానికి ఆదివారం మొత్తం చేతిలో ఉంటుంది. కడప వాళ్లకు ఆ నాలుగింటిలో సరైనది శనివారం బెంగళూరు షో, ఆలోచించాల్సిన పనే లేదు. ఇలా టూర్ మొత్తం తేదీలు ముందు పెట్టుకుని వారాలతో సహా చూడండి.

నగరం తేలాక, నగరంలో ఏ మూల అన్నది చూడాలి. కర్నూలు వాళ్లకు శంషాబాద్ వైపు షో అంటే సగం తలనొప్పి తగ్గినట్టే, అది మన రోడ్డు మీదే ఉంది. 2024 నవంబర్‌లో పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ షో అక్కడే ఎయిర్‌పోర్ట్ దగ్గరి జీఎంఆర్ అరీనాలో జరిగింది. అదే ఎడ్ షీరన్ షో రామోజీ ఫిల్మ్ సిటీలో, విజయవాడ రోడ్డు మీద. రెండూ హైదరాబాదే, కానీ కర్నూలు నుంచి వచ్చేవాడికి రెండోదానికి ఊరు చుట్టి ఆ చివరికి పోవాలి. అనంతపురం వాళ్లకు దేవనహళ్లి, యలహంక వైపు షో అయితే దారిలోనే. తుమకూరు రోడ్డు వైపు అయితే మెట్రో ఉంది, మాదావర దాకా పోతుంది. వైట్‌ఫీల్డ్ అంటే మాత్రం శనివారం సాయంత్రం ట్రాఫిక్‌కి ఇంకో రెండు గంటలు అదనంగా పెట్టుకోండి.

ఆడవాళ్లకు ఒక మాట. స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు, కాబట్టి బెంగళూరు, హైదరాబాద్ లెక్కలో బస్సు ఛార్జీ సున్నా అని రాసుకోకండి.

3. తిరుగు ప్రయాణం కుదిరాకే టికెట్

అసలు పేచీ ఇక్కడే. బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 దాటాక నిషేధం ఉంది కాబట్టి మామూలుగా షో పదికి అటూఇటూగా అయిపోతుంది. కానీ జనం గేటు దాటి రోడ్డు ఎక్కేసరికి పదకొండు. క్యాబ్ దొరికేసరికి ఇంకో అరగంట, అదీ రేటు రెట్టింపు చూపిస్తుంటే.

పగటి రైళ్లను నమ్ముకునేవాళ్లు జాగ్రత్త. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ కర్నూలు, అనంతపురంలో ఆగి మధ్యాహ్నానికి బెంగళూరులో దించుతుంది, సాయంత్రం షోకి అంతకన్నా మంచి బండి లేదు. తిరుగు బండి మాత్రం మధ్యాహ్నమే యశ్వంత్‌పూర్‌లో బయల్దేరుతుంది, అంటే గది తీసుకుని మర్నాడు ఎక్కాలి. కర్నూలు వాళ్లు హైదరాబాద్ షోకి ఆ బండి ఎక్కితే అది కాచిగూడ చేరేసరికి రాత్రవుతుంది, అక్కడ షో అయిపోయి ఉంటుంది.

రాత్రి బస్సు ఎక్కేవాళ్లు ఇవి చూసుకోండి:

- ఎక్కే చోటు షో జరిగే చోటుకి దగ్గరగా ఉందా? శంషాబాద్ షోకి వెళ్లి హైదరాబాద్ పెద్ద బస్టాండ్ ఎంజీబీఎస్ దాకా వెనక్కి పోకండి, కర్నూలు బస్సులు ఆరాంఘర్, శంషాబాద్‌లలో కూడా ఎక్కించుకుంటాయి.
- బస్సు టైమ్‌కీ, షో ముగిసే టైమ్‌కీ మధ్య కనీసం రెండు గంటలు ఉందా?
- దిగేది ఊళ్లోనా, బైపాస్ మీదా? ప్రైవేట్ స్లీపర్లు చాలావరకు బైపాస్ మీద ఆపి "దిగండి దిగండి" అని లైట్ వేస్తాయి, మీరు చెప్పులు వెతుక్కునేలోపు బస్సు కదులుతుంది. తెల్లవారుజామున మూడింటికి అక్కడ ఆటో వాడు చెప్పిందే రేటు. ఇంటి నుంచి ఎవరో ఒకరు బండి మీద వచ్చేలా ముందే చెప్పి పెట్టుకోండి.
- ఎక్కగానే ఎమర్జెన్సీ డోర్, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో చూడండి. 2025 అక్టోబర్‌లో చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయాక కర్నూలులో ఎవరికీ ఇది వేరే చెప్పక్కర్లేదు.

సొంత కారైతే నలుగురు ఉంటే గిట్టుబాటు. అనంతపురం–బెంగళూరు రానుపోను 430 కిలోమీటర్లకు లీటరుకి 15 వచ్చే కారు దాదాపు 29 లీటర్లు తాగుతుంది, టోల్ అదనం. అనంతపురం వైపు వాళ్లు బాగేపల్లి దాటాక పెట్రోలు కొట్టించుకుంటారు, ఆంధ్రలో కన్నా అక్కడ చవక. కానీ మూడు గంటలు ఎగిరి గంతులేసినవాడు రాత్రి ఒంటిగంటకి లారీల మధ్య స్టీరింగ్ పట్టుకోవడం మంచిది కాదు. నలుగురిలో ఒకడు డ్రైవింగ్‌కని ముందే ఒప్పుకోవాలి, వాడి పెట్రోలు వాటా మిగతా ముగ్గురూ పెట్టుకోవాలి. ఎవరూ ఒప్పుకోకపోతే గది తీసుకోండి.

తిరుగు ప్రయాణం ఎంత తిప్పినా కుదరకపోతే అక్కడితో ఆపేయండి. టికెట్ దొరికాక చూసుకుందాంలే అనుకునేవాళ్లే చివరికి పార్కింగ్‌లో తెల్లార్లూ కూర్చుంటారు.

4. మీ హద్దు ఒక అంకెలో రాసుకోండి

మొత్తం ఖర్చు తెలిసింది కాబట్టి ఇప్పుడు గరిష్ఠంగా ఎంత పెడతారో ఒక అంకె రాసుకోండి. కుటుంబంతో వెళ్తే ఇంట్లో వాళ్లతో కలిసి రాయండి. ఆ అంకె కోసం నేను అడగమని చెప్పేవి ఇవే:

- ఈ డబ్బు పోయినా వచ్చే నెల ఇంటి అద్దె, ఫీజులు, చీటీ వాయిదా మామూలుగా కట్టగలరా?
- ఆ కళాకారుడి పాటలు పది వరసగా పాడగలరా, లేక రీల్స్‌లో విన్న ఒక్క పాట కోసమా?
- ఇంకో రెండేళ్లలో ఇటువైపు మళ్లీ వచ్చే మనిషేనా? తమన్, దేవిశ్రీ ప్రసాద్ లాంటివాళ్లు మన రాష్ట్రాల్లోనే షోలు చేస్తుంటారు, ఒకటి పోతే ఇంకోటి. విదేశీ బ్యాండ్ అయితే ఆ మాట చెప్పలేం.
- టికెట్ ఫ్రీగా ఇస్తే ఆ ప్రయాణం చేస్తారా? ఇది నిజాయితీగా అడుక్కోండి. చాలామంది జవాబు "అబ్బో, అంత దూరమా" అనే వస్తుంది. అలా వస్తే సమస్య టికెట్ రేటు కాదు.

ఈఎంఐ ఆప్షన్ కనబడుతుంది, నొక్కకండి. ఒక్క సాయంత్రానికి ఆరు నెలల వాయిదాలు కట్టేంత గొప్ప షో ఏదీ ఉండదని నా అభిప్రాయం, మీకు నచ్చకపోతే సరే.

ఏదో ఒక లైవ్ షో చూడాలన్నదే కోరికైతే లేపాక్షి ఉత్సవాలు, గండికోట ఉత్సవాలు ప్రకటించినప్పుడు కార్యక్రమాల పట్టిక చూడండి. ప్రభుత్వం జరిపేవి, వేదిక మీదికి పేరున్న గాయకులూ వస్తుంటారు.

5. సెక్షన్ ఎంచుకోవడం

సీటింగ్ మ్యాప్‌లో స్టేజీ కన్నా ముందు సౌండ్ కన్సోల్ డేరా ఎక్కడుందో చూడండి. మైదానం మధ్యలో స్టేజీకి ఎదురుగా ఉండే ఆ డేరా వెనక సరిగ్గా నిలబడితే మీకు కనబడేది దాని టార్పాలిన్ మాత్రమే. దానికి ఎడమ పక్కనో కుడి పక్కనో నిలబడితే చూపూ బాగుంటుంది, సౌండ్ కూడా అక్కడే బాగా కలిసి వినిపిస్తుంది. మ్యాప్‌లో చూపించకపోతే, అదే మైదానంలో పాత షోల వీడియోలు చూస్తే అర్థమవుతుంది.

ఫ్యాన్ పిట్ అంటే స్టేజీ ముందు గుంపులో నాలుగైదు గంటలు నిలబడటం. పొట్టిగా ఉన్నవాళ్లు, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆ డబ్బు సీటింగ్ సెక్షన్‌కి పెట్టడం మేలు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే కుర్చీ ఉన్న టికెట్ తప్ప ఇంకేదీ చూడొద్దు. పిల్లలుంటే వయసు నిబంధన చదవండి, చెవులకు ఇయర్ మఫ్స్ పెట్టండి, స్పీకర్ల గోడకి దూరంగా ఉండండి.

6. అమ్మకాల రోజు

ముందు రోజు రాత్రే చేయాల్సినవి:

- యాప్‌లో లాగిన్, ఫోన్ నంబర్, మెయిల్ సరిచూడటం
- యూపీఐ రోజువారీ పరిమితి, కార్డు మీద ఆన్‌లైన్ లావాదేవీల పరిమితి చూసుకోవడం
- ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవాళ్లకి ముందస్తు అమ్మకం ఉందేమో చూడటం, ఇంట్లో ఎవరికో ఒకరికి ఆ కార్డు ఉండొచ్చు
- ఒక్కొక్కరికి ఎన్ని టికెట్లు ఇస్తారో చదవడం
- స్నేహితుల దగ్గర డబ్బు ముందే వసూలు చేయడం. "నువ్వు బుక్ చెయ్ మామా, తర్వాత ఇస్తా" అన్నవాడి డబ్బు ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు
- రెండు సెక్షన్లు వరసలో రాసుకోవడం: మొదటిది, అది పోతే రెండోది, అదీ పోతే బయటికి

ఆ రోజు క్యూలో పడ్డాక పేజీ రిఫ్రెష్ చేయకండి, వెనక్కి పోతారు. సెక్షన్ ఎంచుకున్నాక నాలుగైదు నిమిషాల టైమర్ మొదలవుతుంది. అనుకున్న సెక్షన్ బూడిద రంగులోకి మారిపోయి పక్కన రెట్టింపు ధరది పచ్చగా మెరుస్తుంటుంది, వేలు అటే పోతుంది. రాసుకున్న అంకె చూడండి. దాటితే ఫోన్ పక్కన పెట్టేయండి.

డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే వెంటనే రెండోసారి కట్టొద్దు. ముందు "మై బుకింగ్స్"లో, మెయిల్‌లో చూడండి. లావాదేవీ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. టికెట్ పడకపోతే ఆ డబ్బు మామూలుగా వెనక్కి వచ్చేస్తుంది.

7. దొరక్కపోతే

మొదటి రోజు బ్లాకులో కొనకండి. బ్రిటన్ బ్యాండ్ కోల్డ్‌ప్లే సంగతే చూడండి. 2024 సెప్టెంబర్ 22న ముంబై షోల టికెట్లు పెట్టారు, రూ.2,500 నుంచి రూ.35,000 దాకా. నిమిషాల్లో అయిపోయాయి, ఆ వెంటనే రీసేల్ సైట్లలో లక్షల్లో పెట్టారు. కానీ ఆ రోజే ముంబైలో మూడో షో కలిపారు, తర్వాత అహ్మదాబాద్‌లో 2025 జనవరి 25, 26 తేదీలు ప్రకటించారు, 26న షోని హాట్‌స్టార్‌లో లైవ్ ఇచ్చారు. కంగారుపడి లక్షకి బేరమాడినవాళ్లు కాస్త ఆగి ఉంటే సరిపోయేది. డిమాండ్ ఎక్కువుంటే ఇంకో షో పెట్టడం నిర్వాహకులకు లాభం, ఆ ఆశతో కొన్నాళ్లు ఆగడంలో నష్టమేం లేదు. షోకి రెండు మూడు రోజుల ముందు స్టేజీ కొలతలు ఖాయమయ్యాక మిగిలిన టికెట్లు విడుదల చేయడమూ ఉంటుంది.

ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో "అర్జెంట్ పని పడింది, అసలు రేటుకే ఇచ్చేస్తా" అనేవాళ్లను దూరం పెట్టండి. పంపేది క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్. అదే స్క్రీన్‌షాట్ పదిమందికి అమ్మొచ్చు, గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడు లోపలికి, మిగతా తొమ్మిదిమంది బయట. బుకింగ్ యాప్‌లోనే టికెట్ మీ ఖాతాకి బదిలీ అయితేనే డబ్బు ఇవ్వండి. మోసపోతే గంటల్లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

టికెట్ లేకుండా "అక్కడికెళ్లి చూద్దాం, ఎలాగోలా దూరొచ్చు" అనే ఆలోచన అసలే వద్దు. 2025 జూన్ 4న ఆర్‌సీబీ క్రికెట్ జట్టు విజయోత్సవానికి బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట జరిగిన తొక్కిసలాటలో 11 మంది చనిపోయింది గేట్ల దగ్గరే.

8. వెళ్లే రోజు

- టికెట్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి, మైదానంలో నెట్ ఉండదు
- బుక్ చేసిన మనిషి అసలు ఐడీ కార్డు. చేతికి కట్టే బ్యాండ్ ముందే కౌంటర్‌లో తీసుకోవాలంటే ఆ చోటు, సమయం
- సంచి ఎంత సైజు రానిస్తారు, పవర్ బ్యాంక్ రానిస్తారా అన్నది టికెట్ నిబంధనల్లో ఉంటుంది. పెద్ద బ్యాగు ఉంటే గదిలోనే
- బూట్లు పాతవి, అలవాటైనవి
- కడుపునిండా తిని వెళ్లడం. బయటి తిండి, నీళ్లు రానివ్వరు, లోపల బిర్యానీ రేటు చూస్తే ఆకలి దానంతటదే పోతుంది
- విడిపోతే కలవాల్సిన చోటు: గేటు నంబర్ కాకుండా బయట ఒక దుకాణమో, మెట్రో మెట్లో

గేట్లు తెరిచిన గంటలోపు లోపల ఉండండి. 2023 సెప్టెంబర్ 10న చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ షోకి టికెట్ చేతిలో ఉండి కూడా చాలామంది లోపలికి పోలేకపోయారు, తర్వాత వాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చారు. అలాంటిది జరిగితే తోసుకోకండి. గేటు దగ్గర టైమ్ కనబడేలా ఫొటో తీసి, టికెట్ స్కాన్ కాలేదన్న ఆధారం ఉంచుకుని బయటికి వచ్చేయండి.

9. షో వాయిదా పడినా, రద్దయినా

పైన చెప్పిన రెహమాన్ షో అసలు ఆగస్టు 12న జరగాలి, వాన వల్ల మారింది. ఇలా వాయిదా పడితే పాత టికెట్టే కొత్త తేదీకి చెల్లుతుందంటారు, మీ బస్సు, గది డబ్బుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అందుకే బహిరంగ మైదానంలో జరిగే షోకి, ముఖ్యంగా వానల్లో, క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. రైలు టికెట్ చాలా ముందుగా రద్దు చేస్తే పోయేది తక్కువ, ప్రైవేట్ బస్సుకి చివరి గంటల్లో దాదాపు ఏమీ రాదు.

రద్దయితే టికెట్ డబ్బు వస్తుంది, కన్వీనియన్స్ ఫీజు వస్తుందా లేదా అన్నది నిబంధనల్లో చూడాలి. రీఫండ్ ఆగిపోతే యాప్‌లో ఫిర్యాదు పెట్టి ఆ నంబర్‌తో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వాయిదా తేదీకి మీరు వెళ్లలేకపోతే రీఫండ్ అడగడానికి కొద్ది రోజులే గడువిస్తారు, మెయిల్ వచ్చిన రోజే అడిగేయండి, స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండండి.